మామగారి ఫొటో, వియ్యాలవారి భోజనం

మా వియ్యాలవారు మాకు కడుపునిండా అన్నం పెట్టి, నా భార్యను తన తండ్రి ముఖం చూసుకోనివ్వలేదు.

ఇది అన్యాయమని నేనంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు. మా వీధి అరుగు మీద చెబితే, "ఎన్ని కూరలు పెట్టారేంటి?" అని అడిగారు. మా తమ్ముడికి ఫోనులో చెబితే, "అంత మర్యాద చేసే వియ్యాలవారు ఎవరికి దొరుకుతారు అన్నయ్యా!" అన్నాడు. దొంగ వచ్చి ఇంట్లో సామాను ఎత్తుకుపోయి ఉంటే నలుగురూ నా పక్కన నిలబడి తిట్టేవారు. బూరె చిదిపి, గుంట చేసి, అందులో నెయ్యి పోసి మరీ చేసిన అన్యాయానికి మాత్రం సాక్షులు దొరకరు. అందుకే రాస్తున్నాను. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయం బల్ల మీద, అరటితోటలో మోటారు షెడ్డు గట్టు మీద నా అంతట నేను చదువుకున్నదే. రాతలో తప్పులుంటే ఉండవచ్చు. చెప్పే సంగతిలో తప్పు లేదు.

నా భార్య తండ్రి ధవళేశ్వరం ఆనకట్ట మీద లస్కరుగా పనిచేశాడు. ఇప్పుడు బస్సులూ కార్లూ తిరిగే బ్యారేజీ కాదు, దానికి ముందున్న పాత ఆనకట్ట. వరద వస్తోందంటే నీరు పైనుంచి పోయేలా ఆనకట్ట మీది తలుపులు దించాలి, వరద తీశాక ఎత్తాలి, నీరు ఎంత ఉందో వేళకు చూసి పైవాళ్ళకు చెప్పాలి. ఒంటి మీద ఖాకీ చొక్కా, నెత్తిన తలపాగా, నడుముకి ఇత్తడి బిళ్ళ. నా భార్య పలక పట్టిన ఏడాదే ఆయన జ్వరంతో పోయాడు. ఆ ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో లస్కరును నిలబెట్టి ఫొటో తీసేదెవరు? ఎత్తుకున్నప్పుడు కాలికి చల్లగా తగిలే ఆ బిళ్ళ, చొక్కాకి పట్టిన ఏటి బురద వాసన, తెల్లవారుజామున దగ్గు, ఇవే ఆమెకు మిగిలాయి. ముఖం మిగల్లేదు. "ఎంత తలుచుకున్నా తలపాగా దాకానే వస్తాదండి, దాని కింద ఏమీ ఉండదు" అని పెళ్ళయిన కొత్తలో ఒకసారి నాతో అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను మరిచిపోలేదు. నాకు మరపు లేదు, అది మా ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బే.

మొన్నామధ్య మా పక్కింటి టీచరుగారు బడిపిల్లలను తీసుకుని రాజమండ్రి వెళ్ళొచ్చారు. గోదారి పాత ఫొటోల ప్రదర్శన ఒకటి అక్కడ పెట్టారట. ఎవరో పాతకాలపు ఇంజనీరు వారసులు దాచుకున్న ఫొటోలట. ఆవిడ వస్తూనే మా గుమ్మంలో నిలబడి చెప్పారు.

"పిన్నిగారూ, ఒక ఫొటోలో ఆనకట్ట లస్కర్లు వరసగా నిలబడి ఉన్నారండి. మధ్యలో ఉన్నాయన్ని చూస్తే నాకు ఒళ్ళు జలదరించిందండి బాబూ. అచ్చం మీ తమ్ముడుగారే. తలపాగా చుట్టి నిలబెట్టినట్టున్నారు. సెల్లుతో తీసి మీకు చూపిద్దామంటే అక్కడ తియ్యనివ్వరంటండి. ఆదివారంతో ఆఖరు, ఐదింటికి మూసేసి పట్టుకెళ్ళిపోతారంట."

నా భార్య సరేనని తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది. పొద్దుపోయాక, నాకు మజ్జిగ పోస్తూ, "ఏమండీ, ఆదివారం మీకేమైనా పనుందా?" అంది.

పెళ్ళయిన నాటి నుంచి ఫలానా చోటికి తీసుకెళ్ళమని నోరు తెరిచి అడగని మనిషి. రాజమండ్రి మాకు ఎంత దూరమని? రావులపాలెంలో బస్సెక్కితే కాసేపటికి దిగడమే. ఆ ఊరు ఆమె వెళ్ళనిదీ కాదు. ఆసుపత్రికి వెళ్ళింది, పెళ్ళి బట్టలకు వెళ్ళింది, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. ఊరు చూడ్డానికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. మా వైపు ఆడవాళ్ళు చాలామందికి అంతే, ఎంత పాత పట్నమైనా వాళ్ళకు తెలిసింది మందుల షాపూ బట్టల కొట్టూ. "ఫొటో చూద్దాం, ఊరూ చూద్దాం. ఘాట్లన్నీ నడిచి చూపిస్తాను" అన్నాను.

మా అమ్మాయిని ఇచ్చింది రాజమండ్రిలోనే. కూతుర్ని ఇచ్చిన ఊళ్ళో అడుగుపెట్టి వియ్యాలవారి గడప తొక్కకుండా తిరిగి రావడం మా జిల్లాలో దొంగతనం కంటే పెద్ద తప్పు. కాబట్టి శనివారం పొద్దున్నే నా భార్య అమ్మాయికి ఫోను చేసి, "పొద్దున్నే వచ్చి కాఫీ తాగి వెళ్తాం, ఏ హడావుడీ పెట్టుకోవద్దని అత్తయ్యగారికి చెప్పు" అంది. పొరపాటంతా అక్కడే జరిగింది. హడావుడి వద్దని ముందురోజు ఫోను చేస్తే అవతలివాళ్ళు ఏం చేస్తారు? అప్పటికప్పుడే చికెన్ కొట్టుకు మనిషిని పంపిస్తారు.

మా వైపు మర్యాద గురించి లోకమంతా గొప్పగా చెప్పుకుంటుంది. నేను దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవాడు. రోడ్డు మీద వెళ్ళే బస్సును చెయ్యెత్తి ఆపి, డ్రైవరునూ కండక్టరునూ ఇంట్లోకి లాక్కెళ్ళి మజ్జిగ తాగించేవాడు. బస్సులో ఉన్న జనం ఎండలో ఉడికిపోతూ కూర్చునేవారు. ఒకసారి అన్నవరంలో వ్రతం పెట్టుకున్న జంట ఆ బస్సులో ఉంది. ముహూర్తం దాటిపోయింది. పీటల మీద కూర్చోవలసిన పిల్ల బస్సు కిటికీలోంచి తొంగిచూస్తూ ఏడ్చింది. ఆ పెద్దాయన ఏం చేశాడనుకున్నారు? ఆ పిల్లకు కూడా ఒక గ్లాసు మజ్జిగ పంపించాడు. చనిపోయేదాకా ఆయనది దొడ్డ చెయ్యి అనే అన్నారు. ఆ పిల్ల ఏడుపు సంగతి చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారం పొద్దున్న బస్సు దిగి ఆటోలో వెళ్ళేసరికి మా వియ్యంకుడు వీధిలోనే నిలబడి ఉన్నాడు. బియ్యం వ్యాపారం చేసి మానుకున్న మనిషి. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, కారు ఇంకా పెద్దది.

"రండి రండి బావగారూ! బస్సులో వచ్చారేంటండి? ఒక్క ఫోను కొడితే కారు పంపేవోణ్ణి కదండి! ఏవండీ వదినగారూ, అలా చిక్కిపోయారేంటి? బావగారు పుస్తకాలు చదివి వినిపించి పస్తులుంచుతున్నారేంటి?"

లోపల వియ్యపురాలు పెనం ముందు నుంచే పలకరించింది. "అన్నయ్యగారూ, కాళ్ళు కడుక్కుని కూర్చోండి. పెసరట్లు వేడివేడిగా తినాలి. పడదంటారేమోనని ఇడ్లీ కూడా పెట్టాను. రెండూ తినండి, ఎందుకైనా మంచిది."

మా అల్లుడు డ్యూటీకి వెళ్ళాడు. అమ్మాయి పచ్చడీ నీళ్ళూ అందిస్తోంది. తింటూనే సంగతంతా చెప్పాను: మామగారు, లస్కరు పని, ఇంట్లో ఫొటో లేకపోవడం, ఆదివారం ఆఖరు, ఐదు గంటలు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. వియ్యంకుడు విని తొడ మీద కొట్టుకున్నాడు.

"ఇంతేనా! ఫొటోయే కదండి! నేను దగ్గరుండి చూపించేత్తాను. ముందు ఎండెక్కకుండా ఘాట్లు చూసేద్దాం. ఫొటోలకేంటండి, నీడపట్టున ఉంటాయి, ఎప్పుడు చూసినా అవే."

"ముందు అదే చూసుకుంటే..." అన్నాను.

"అది పదకొండింటిదాకా తియ్యరండి. నాకు తెలీదేంటి? ఈ ఊరు నాది."

ఆ మాటా నిజమే, పదకొండింటిదాకా తీయరు. నిజాలు చెబుతూనే మనిషిని ముంచవచ్చని ఆ రోజు తెలిసింది.

కారులో ఐదుగురం బయల్దేరాం. పుష్కర ఘాటు దగ్గర దిగామో లేదో ఆయనకు తెలిసినవాళ్ళు కనబడ్డారు. "మా వియ్యంకులండి. రావులపాలెం దగ్గర అరటితోటలు" అని పరిచయం. ఆ వచ్చినాయన మా ఊరి గెలల ధర అడగడం, నేను చెప్పడం. నాలుగడుగులు వేస్తే ఇంకొకాయన. మార్కండేయస్వామి గుడిలో పూజారి కూడా తెలిసినాయనే, మా అందరి గోత్రాలూ నిదానంగా చదివించాడు. కోటిలింగాల ఘాటు దగ్గర నా భార్య మెట్లు దిగి నీళ్ళు నెత్తిన చల్లుకుని, దిగువకు, ధవళేశ్వరం వైపుకు చూస్తూ నిలబడింది. "ఇక్కణ్ణించి ఆనకట్టకు ఇంకా ఎంత దూరమండీ?" అని నన్నడిగింది. నేను చెప్పబోతుంటే వియ్యంకుడు అందుకున్నాడు.

"అదుగో ఆ పాత రైలు వంతెన కనపడతంది కదండి వదినగారూ, అక్కడ ఆనకట్ట కట్టిన దొరే ఇది కూడా కట్టించాడండి. ఒకేసారి! పొద్దున్న ఆనకట్ట పని, సాయంత్రం వంతెన పని. మహానుభావుడు."

ఆనకట్టకూ ఆ వంతెనకూ మధ్య యాభై ఏళ్ళ దాకా తేడా ఉంది. నేను ఆ నది మీద తెలుగులో దొరికిన పుస్తకమల్లా చదివాను. నోటిదాకా వచ్చింది. మా అమ్మాయి నా వంక చూసింది. మింగేశాను. పిల్లనిచ్చిన తండ్రికి చరిత్ర తెలియకూడదు.

ఆ తర్వాత రోజ్‌మిల్క్. వద్దంటే వినడు. "రాజమండ్రి వచ్చి రోజ్‌మిల్క్ తాగకుండా వెళ్తారేంటండి, ఊరు నవ్వుద్ది" అని గ్లాసు చేతిలో పెట్టాడు. అది తాగి కారెక్కి వస్తుంటే, ఎడమ వైపు ఒక పాత మేడ గోడకు గుడ్డ బ్యానరు కట్టి ఉంది. గోదారి బొమ్మ, నలుపూ తెలుపూ. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. నా భార్య అద్దానికి చెయ్యి ఆనించింది.

"అదేనేమోనండీ?" అంది.

"అదేనండి వదినగారూ, అదే!" అన్నాడు వియ్యంకుడు, కారు ఆపకుండా. "సాయంత్రం తీరిగ్గా చూద్దురుగాని. ఇప్పుడు దిగితే అక్కడ కోడికూర చల్లారిపోద్ది."

"ఐదు నిమిషాలు చాలు బావగారూ" అన్నాను.

"ఐదు నిమిషాల్లో చూసేదా బావగారూ ఇది? పాపం, ఎన్నేళ్ళకు చూసుకుంటున్నారు తండ్రిగారిని! నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడి చూడాలి. కడుపు నిండి ఉంటేనే ఏదైనా బాగా చూడగలం."

వెనక్కి తిరిగి చూశాను. మేడ మలుపులో మాయమైపోయింది. నా భార్య ఇంకా అద్దం మీది చెయ్యి తీయలేదు. మా వియ్యపురాలు ఆమె ఇంకో చెయ్యి పట్టుకుని, బూరెల్లోకి పూర్ణం ఎలా కుదిరిందో చెబుతోంది.

భోజనం సంగతి రాయాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. హాల్లో కింద చాపలు పరిచి అరిటాకులు వేశారు. మగవాళ్ళకు ముందు వడ్డించి, ఆ తర్వాత ఆడవాళ్ళకు. ఒక్క పంక్తిలో అయిపోయేది రెండు పంక్తులైంది. పులిహోర, గారెలు, బూరెలు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు, కోడికూర, చేపల పులుసు, చారు, పెరుగు, ఆవకాయ, మాగాయ. ఒకటి అయ్యాక ఒకటి, ఒక్కోటీ రెండుసార్లు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. ఇదేమీ మాటవరసకు అంటున్నది కాదు, నా వేళ్ళ మీద పులుసు పోశారు.

"అన్నయ్యగారూ, మీరేం తిన్నారని? మా చేతివంట మీకు నచ్చలేదంతే."

"చాలా బాగుందండి చెల్లెమ్మగారూ. కడుపులో చోటు లేదు."

"చోటుదేముందండి, కూర్చుని కూర్చుని తింటే అదే వస్తాది."

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆడవాళ్ళ ఆకులు వేస్తున్నారు. గోడ గడియారం చూపించి సైగ చేశాను. నా భార్య చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. చెప్పేసి వస్తుంది, బయల్దేరతాం అనుకుని చెప్పులు కూడా వేసుకున్నాను. ఆమె వచ్చి ఆకు ముందు కూర్చుంది. కూర్చుని తిన్నది. ఇంట్లో గుప్పెడు మెతుకులతో సరిపెట్టుకునే మనిషి, ఆ రోజు వియ్యపురాలు వేసిన ప్రతిదీ తలవంచుకుని తిన్నది. "చూశారా అన్నయ్యగారూ, వదినగారికి ఎంత ఇష్టంగా ఉందో! మీరే ఇంట్లో చేయించట్లేదు" అని వియ్యపురాలు నన్ను దెప్పింది.

వీధి వరండాలో నేను చెప్పులతో అటూ ఇటూ తిరుగుతున్నాను. వియ్యంకుడు లోపలి గదిలో, "ఒక్క కునుకండి బావగారూ, లేవగానే ఎల్దాం" అని పక్క మీద ఒరిగాడు. కారు తాళాలు ఆయన దిండు కింద. గురక వీధిలోకి వినిపిస్తోంది. ఇక ఉండబట్టక ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మేమిద్దరం ఆటోలో వెళ్ళి చూసుకుని వచ్చేస్తాం, బావగారిని లేపకండి" అన్నాను.

వియ్యపురాలు గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో, ఆటోనా! ఇంటి ముందు కారు పెట్టుకుని వియ్యాలవారిని ఆటో ఎక్కించారని ఈ వీధి వీధంతా చెప్పుకోదండీ? ఆయన లేచాక నన్ను నరికేస్తారు. ఇంకా వదినగారికి బొట్టుపెట్టి చీర పెట్టలేదు. ఆదివారం సాయంత్రం రాహుకాలం వచ్చేస్తాది, ఆ లోపే పెట్టాలి. మీరు కూర్చోండి."

చీర వచ్చింది. జాకెట్టు ముక్క రంగు కలవలేదని ఆవిడకే తోచింది. కొట్టుకు మనిషిని పంపింది. ఆదివారం ఆ కొట్టు మూసి ఉంటే ఇంకో కొట్టుకు పంపింది. "ఏ రంగైనా ఫరవాలేదండి వదినగారూ" అని నా భార్య రెండుసార్లు అంది. "మీకు ఫరవాలేదండి, మాకుండాలి కదా!" అని జవాబు. ఆ ముక్క వచ్చి, పళ్ళూ తాంబూలం సర్ది, బొట్టు పెట్టి, వియ్యంకుణ్ణి లేపి, ఆయన ముఖం కడుక్కుని, కాఫీ తాగి, ఇంకో చొక్కా తొడుక్కున్నాక, అప్పుడు కదిలాం.

మేం వెళ్ళేసరికి బ్యానరు కిందికి దించేశారు. తలుపు ఒక రెక్క మూసి ఉంది. లోపల గోడలకు మేకులు ఉన్నాయి, ఫొటోలు లేవు. నేల మీద చెక్కపెట్టెలు, గడ్డీ, గోధుమరంగు కాగితం. ఇద్దరు మనుషులు పెట్టెల మూతలకు మేకులు కొడుతున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"అయిపోయిందండి. ఐదింటికే ఆఖరు కదండి."

నా భార్య ముందుకు వెళ్ళింది. కొత్త చీర సంచి చేతిలోనే ఉంది. "బాబూ, లస్కర్ల ఫొటో ఒకటుందంట. మధ్యలో ఉన్నాయన మా నాన్నేమోనని. ఒక్కసారి విప్పి చూపిస్తారా?"

ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. పెట్టెల వంక చూశాడు. "ఏ పెట్టెలో సర్దారో తెలీదండమ్మా. అన్నీ సీలు వేసేశాం. లారీ వచ్చేస్తంది." మేం ఇంకో క్షణం ఆగితే ఏమనేవాడో. ఇంతలో మా వియ్యంకుడు ముందుకొచ్చాడు.

"ఏంటయ్యా, ఎవరనుకుంటున్నావు? నేను ఫోను చేస్తే నీ లారీ ఊరు దాటదు. మా వదినగారి తండ్రిగారి ఫొటో మాకే చూపించవా? తియ్యి ఆ పెట్టె!"

ఆ కళ్ళజోడాయన ముఖం బిగుసుకుంది. "అలా మాట్లాడితే కుదరదండి. రూలు ప్రకారం మూసేశాం" అని లోపలికి వెళ్ళి రెండో రెక్క కూడా వేసుకున్నాడు. మేకులు కొట్టే చప్పుడు మాత్రం బయటికి వినబడింది. నా భార్య ఆ మూసిన తలుపు ముందు నిలబడి ఆ చప్పుడు వింది. ఆమె తండ్రి ఆ పెట్టెల్లో ఒకదానిలో ఉన్నాడో లేడో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ ఒక్కటి తెలుసుకోవడానికే కదా ఊరు వచ్చాం.

నేను వియ్యంకుడి వైపు తిరిగాను. "పొద్దున్న ఐదు నిమిషాలు ఆపమన్నాను కదండీ" అన్నాను. ఇంకా ఏదో అనబోతుంటే నా భార్య నా మోచేతి మీద చెయ్యి వేసింది. అమ్మాయి నేల చూపులు చూస్తోంది. వియ్యంకుడికి నిజంగానే బాధ కలిగింది, అబద్ధం ఎందుకు రాయాలి? కళ్ళు తుడుచుకున్నాడు కూడా. "బాధపడకండి వదినగారూ. మీ నాన్నగారి ఫొటో నేను తెప్పిస్తాను. మాటంటే మాటే" అన్నాడు. దారిలో స్వీట్ల కొట్టు దగ్గర కారు ఆపి, కిలో కాజాలు కట్టించి మా చేతిలో పెట్టి బస్సెక్కించాడు.

బస్సు జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి చీకటి పడింది. నా భార్య కాజాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

మర్నాడు టీచరుగారి ద్వారా ప్రదర్శన పెట్టినవాళ్ళ నంబరు సంపాదించాను. ఫొటోలు సొంతదారులకు తిరిగి వెళ్ళిపోయాయి, వాళ్ళు దేశంలో లేరు, అడిగి చూస్తాం అన్నారు. ఇప్పటికీ అడిగి చూస్తూనే ఉన్నారు.

వియ్యంకుడు మాత్రం మాట తప్పలేదు. కొన్నాళ్ళకు మా గుమ్మం ముందు కారు ఆగింది. ఆయన పంపిన మనిషి గుడ్డలో చుట్టిన పెద్ద పటం దింపాడు. బంగారు రంగు ఫ్రేము. విప్పి చూస్తే మా మామగారట! అమ్మాయి సెల్లులో ఉన్న మా బావమరిది ఫొటో తీసుకుని, కంప్యూటరులో ఎవరిచేతనో వయసు తగ్గించి, తలపాగా చుట్టించి, ఖాకీ తొడిగించి చేయించాడు. బుగ్గలు వెన్నముద్దల్లా ఉన్నాయి. మీసం దువ్వినట్టుంది. సినిమాలో పోలీసు ఆఫీసరులా పళ్ళు కనబడేలా నవ్వుతున్నాడు. నడుముకి బిళ్ళ ఉంది, దాని మీద అక్షరాలూ ఉన్నాయి, కానీ అవి ఏ భాషవీ కావు. వెనకాల ఆనకట్ట ఉంది. పాతది కాదు. ఇప్పటి బ్యారేజీ, మీద కారు వెళ్తోంది! ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు కట్టిన బ్యారేజీ ముందు ఆయన్ని నిలబెట్టి నవ్వించారు.

వెంటనే ఫోను. "ఎలా ఉందండి బావగారూ? అచ్చు దిగిపోయారు కదా!"

నా భార్య నా చేతిలోంచి ఫోను తీసుకుని, "చాలా బాగుందండి అన్నయ్యగారూ, మీ ఋణం తీర్చుకోలేం" అంది.

పాత దుప్పట్లో చుట్టి అటకెక్కించేస్తాను అన్నాను. ఆమె ఉండనివ్వండి అంది. మర్నాడు నేను తోట నుంచి వచ్చేసరికి ఆ పటం హాల్లో గోడ మీద ఉంది. టీచరుగారి చేత మేకు కొట్టించి తగిలించిందట. ఎదురుగా కూర్చుని అన్నం తినాలంటే నాకు నరకంగా ఉంది. ఆమెకు ఇన్నేళ్ళూ తండ్రి ముఖం గుర్తు లేదు. గుర్తు లేకపోయినా ఆ చోటు ఆయనదే, అందులో ఇంకెవరూ లేరు. ఇప్పుడు ఎవడో ఊరూ పేరూ లేనివాడు పళ్ళికిలిస్తూ అందులోకి వచ్చి కూర్చున్నాడు. రోజూ చూస్తూ ఉంటే కొన్నాళ్ళకు ఆమెకు తలపాగా కింద వీడే కనబడతాడు. అసలు ఫొటో ఎప్పుడైనా దొరికినా గుర్తుపట్టలేదు. ఆ మర్యాదస్తులు చేసినదాంట్లో ఇది భోజనం కంటే పెద్ద ఘోరం.

"ఎందుకు తగిలించావు?" అని ఆ రోజే అడిగాను. "ఉండనివ్వండి" అంది. రెండోసారి అడిగితే లేచి పెరట్లోకి వెళ్ళింది. "ఆ రోజు గడియారం చూపించానుగా, చెప్పి వస్తావనుకున్నాను, వెళ్ళి ఆకు ముందు ఎందుకు కూర్చున్నావు?" అని కూడా అడిగాను. ఆమె వెళ్ళి అంట్ల ముందు కూర్చుంది. నా కోపం తారస్థాయికి చేరింది. నిన్న మధ్యాహ్నం, ఇక ఆడవాళ్ళతో కాదు, ఆ పెద్దమనిషినే కడిగేస్తాను, సంబంధం ఉంటే ఉంటుంది పోతే పోతుంది అని ఫోను తీసి వియ్యంకుడి నంబరు నొక్కబోయాను. ఆమె చేతిలో ఉన్న తడిగుడ్డ కింద పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"ఆ ఫోను కింద పెట్టండి. వచ్చే వారం వాళ్ళిద్దరూ మనింటికి వస్తున్నారండి. గుమ్మంలో అడుగు పెడుతూనే వదినగారు ముందు గోడ వంకే చూస్తాది. అక్కడ పటం లేదనుకోండి, మీతో ఏమీ అనదు, నాతోనూ అనదు. ఇంటికెళ్ళాక అమ్మాయితో అంటాది. ఆ రోజు మేం వెళ్ళొస్తామని చెప్దామనే వంటింట్లోకి వెళ్ళానండి. అమ్మాయి నా చెయ్యి పట్టేసుకుంది. 'అమ్మా, నిన్నట్నించీ నిద్ర లేకుండా వండారు, మధ్యలో వెళ్ళకండి. మీరు బస్సెక్కి వెళ్ళిపోతారు, నేను ఇక్కడే ఉండాలి కదా' అంది. కళ్ళల్లో నీళ్ళు. ఇంకేం చెప్పమంటారు? వచ్చి తిన్నాను. మా నాన్న సంగతి నేను చూసుకుంటాను లెండి. దుమ్ము తుడిచేటప్పుడు కూడా నేను దాని మొహం వంక చూడట్లేదు."